జీపీఎస్‌లోకి ఏ పటం ఎక్కించాలి?
పల్నాడు గిరిజన యువతను ఉద్దేశించి చేసిన ప్రసంగ పాఠం

 

పాటలూ ఆటలూ ఉన్న సభలో పటాల గురించి మాట్లాడతామంటే కొందరు నవ్వారు. మన పెద్దలకు ఈ విషయం కొత్తది కాదు. ఏ లొద్దిలో ఎండాకాలం కూడా నీళ్లు ఉంటాయో, ఏ గట్టున తేనెపట్టు పడుతుందో, ఏ కనుమ దాటితే పొద్దుగూకేలోగా అవతలి పెంటకు చేరతామో వాళ్లకు తెలుసు. అది నోటి మాటగా వచ్చిన పటం. మన భాష, మన పాట ఎంత సంస్కృతో అదీ అంతే. కానీ ఈ రోజు కమిటీ ముందుకు, అధికారి ముందుకు పోతే కాగితం మీద గీసిన పటం అడుగుతారు. అడవి హక్కు దరఖాస్తుకు పటం కావాలి. దారి కోసం అర్జీ పెట్టాలన్నా, రాత్రివేళ 108 వాహనానికి గూడెం ఎక్కడుందో చెప్పాలన్నా పటం కావాలి. దాన్ని మనం గీయకపోతే మన అడవి ఎరగని వాళ్లు గీస్తారు.

మీలో చాలామంది చేతిలో ఫోను ఉంది. కొన్ని సంఘాల దగ్గర చేతిలో పట్టుకునే జీపీఎస్ యంత్రాలు కూడా ఉన్నాయి. "ఇందులో ఏ పటం వేసుకోవాలన్నా?" అని మమ్మల్ని తరచుగా అడుగుతున్నారు. దానికి మా జవాబు ఒక్క మాటలో ఇది: ముందు మీరు ఏ ప్రశ్న అడగబోతున్నారో తేల్చుకోండి, పటం ఆ తర్వాత. అన్ని ప్రశ్నలకూ సరిపోయే పటం ఎక్కడా లేదు.

యంత్రం చెప్పేది ఎంత?

జీపీఎస్ యంత్రం ఆకాశంలోని ఉపగ్రహాల నుంచి సంకేతాలు అందుకుని, మనం నిలబడ్డ చోటి అక్షాంశం, రేఖాంశం లెక్కగడుతుంది. దాని పని అంతవరకే. పక్కన వాగు ఉందా, ముందు లోయ ఉందా అన్నది దానికి తెలియదు. లోపల పటం లేకపోతే తెల్లటి తెర మీద ఒక చుక్క కనిపిస్తుంది. ఆ చుక్క చుట్టూ కొండను, వాగును, దారిని చూపించేది మనం ఎక్కించిన పటం. పటం తప్పయితే, యంత్రం ఎంత ఖరీదైనదైనా మనల్ని తప్పు చోటే చూపిస్తుంది.

కొనే ముందు ఒక సంగతి చూసుకోండి. అన్ని యంత్రాల్లోకీ పటం ఎక్కదు. ఉదాహరణకు గార్మిన్ కంపెనీ ఈట్రెక్స్ 10లో మనకు కావలసిన వివరమైన పటం వేసుకునే వీలు లేదు. అదే వరుసలోని ఈట్రెక్స్ 22ఎక్స్, 32ఎక్స్‌లలో మెమరీ కార్డు పెట్టి వేసుకోవచ్చు. డబ్బు లేదని దిగులు పడక్కర్లేదు. సిగ్నల్ లేని చోట కూడా జీపీఎస్ పనిచేస్తుంది కాబట్టి, ముందుగానే పటం దించుకుంటే మామూలు ఫోనుతోనే చాలా పని అవుతుంది. ఓస్మ్‌ఆండ్, ఆర్గానిక్ మ్యాప్స్ వంటి యాప్‌లు ఉచితంగా దొరుకుతాయి. చేతి యంత్రానికి మీటలు ఉంటాయి, పెన్సిల్ బ్యాటరీలు మార్చుకోవచ్చు, వానకు తట్టుకుంటుంది. రెండు మూడు రోజులు అడవిలో తిరిగే పనికి అది మేలు.

స్కేలు: మిల్లీమీటరులో ఎంత నేల?

పటం చేతికి రాగానే మొదట చూడాల్సింది స్కేలు. భారత సర్వే సంస్థ, అంటే సర్వే ఆఫ్ ఇండియా, వేసే టోపోషీట్లలో మనం ఎక్కువగా వాడేవి 1:50,000 స్కేలువి. అందులో ఒక మిల్లీమీటరు అంటే నేల మీద 50 మీటర్లు. ఎకరం పొలం చతురస్రంగా ఉందనుకుంటే ఒక్కో పక్క సుమారు 64 మీటర్లు. అంటే ఆ షీటులో ఎకరం చేను మిల్లీమీటరు పైచిలుకు చుక్క. పెన్సిల్ గీత అర మిల్లీమీటరు మందం ఉన్నా 25 మీటర్ల నేల దాని కింద దాగిపోతుంది.

కాబట్టి టోపోషీటు తెచ్చి "నా చేను గట్టు ఎక్కడో చూపించు" అంటే అది చూపించలేదు. చేను గట్టుకు గ్రామ నక్షా, ఎఫ్‌ఎంబీ, సర్వేయరు కొలతలు ఉన్నాయి. "ఈ గుట్ట దాటి అవతలి వాగుకు పోవడానికి వాలు తక్కువ దారి ఏది?" అని అడగండి, టోపోషీటు చక్కగా జవాబు చెబుతుంది.

ఆ జవాబు సమోన్నత రేఖల్లో ఉంటుంది. ఒకే ఎత్తున్న చోట్లను కలుపుతూ గీసిన గోధుమరంగు గీతలు అవి. కొండ ప్రాంతపు 1:50,000 షీట్లలో సాధారణంగా గీతకూ గీతకూ మధ్య 20 మీటర్ల ఎత్తు తేడా ఉంటుంది. రెండు గీతల నడుమ ఒక మిల్లీమీటరు దూరం ఉంటే, 50 మీటర్లు నడిచేలోగా 20 మీటర్లు ఎక్కాలన్నమాట. జబ్బుపడ్డ మనిషిని డోలీలో మోసుకు రావడానికి అది పనికిరాని వాలు. నాలుగు మిల్లీమీటర్ల దూరం ఉంటే అదే ఎత్తుకు 200 మీటర్లు నడుస్తాం. బరువుతో నడవొచ్చు. గూడేనికి దారి అడిగేటప్పుడు ఈ లెక్క చూపించి, ఫలానా వైపు నుంచి వేయండి అని చెప్పగలగాలి.

ఈ గీతలు చూపించలేనిది కూడా తెలుసుకోండి. మాచర్ల దగ్గర ఎత్తిపోతల మీ అందరికీ తెలుసు. చంద్రవంక నీళ్లు సుమారు 70 అడుగుల ఎత్తు నుంచి, అంటే 21 మీటర్ల నుంచి దూకుతాయి. 20 మీటర్లకు ఒక గీత వేసే పటంలో అంత పెద్ద జలపాతం ఒకటి రెండు గీతల్లో ఇమిడిపోతుంది. గుర్తూ పేరూ రాయకపోతే అక్కడ జలపాతం ఉందని గీతల్ని బట్టి పోల్చుకోవడమే కష్టం. ఇక 15 మీటర్ల రాతి గోడ ఉంటే అది రెండు గీతల మధ్య పడి అసలు కనిపించకపోవచ్చు. పటంలో గీత లేదు కదా అని చీకట్లో అడుగు ముందుకు వేయకూడదు.

మన ప్రాంతం ఏ షీటులో ఉంది?

సర్వే ఆఫ్ ఇండియా పాత వరుసలో దేశాన్ని నాలుగు డిగ్రీల గళ్లుగా విడదీసి అంకెలు వేశారు. ఒక్కో గడిని ఒక డిగ్రీ ముక్కలుగా కోసి అక్షరాలు పెట్టారు. మళ్లీ ఒక్కో ముక్కను పదహారు షీట్లు చేశారు. మన వైపు ఒక్కో షీటులో అటూ ఇటూ సుమారు 27 కిలోమీటర్ల నేల పడుతుంది.

ఈ లెక్కన పల్నాడులో ఎక్కువ భాగం రెండు పెద్ద గళ్లలో పడుతుంది. 80 డిగ్రీల రేఖాంశం నరసరావుపేటకు కొంచెం పడమరగా పోతుంది. దానికి పడమట ఉన్న మాచర్ల, గురజాల 56-పి వరుసలోకి వస్తాయి. తూర్పున ఉన్న నరసరావుపేట 65-డి వరుసలోకి వస్తుంది. మాచర్ల పట్టణం 56-పి/7లో, నాగార్జునసాగర్ ఆనకట్ట 56-పి/6లో, గురజాల 56-పి/10లో, నరసరావుపేట 65-డి/4లో ఉన్నాయి. మాచర్ల తన షీటు ఉత్తరపు అంచుకు దగ్గరగా ఉంది. అక్కడి నుంచి సాగర్ వైపు నడిచే వాళ్లు ఒక్క షీటు పెట్టుకుంటే కొద్ది దూరానికే పటం అయిపోతుంది. ఎప్పుడూ పక్క షీటు కూడా ఎక్కించుకోండి.

2005 జాతీయ పటాల విధానం తర్వాత ప్రజల కోసం ఓపెన్ సిరీస్ మ్యాప్స్ అనే కొత్త వరుస వచ్చింది. వాటి అంకెలు వేరు. మన వైపు షీట్లు ఇ44తో మొదలవుతాయి. 2017లో ఆ సంస్థ నక్షే అనే పోర్టల్ పెట్టి, వీటిని మన దేశ పౌరులు ఉచితంగా దించుకునే ఏర్పాటు చేసింది. 2021 ఫిబ్రవరి 15న కేంద్రం ఇచ్చిన మార్గదర్శకాలతో పటాలు చేయడానికి ముందస్తు అనుమతులు తీసుకోవాల్సిన అవస్థ కూడా చాలావరకు పోయింది. మన అడవి పటం మనం తయారు చేసుకోవడం నేరమేమో అని భయపడే రోజులు కావివి. రక్షణ స్థావరాల వంటి వాటికి ఆంక్షలు మాత్రం ఉన్నాయి.

డేటమ్ సంగతి

పాత టోపోషీటును స్కాన్ చేసి ఫోనులో వేసుకున్నవాళ్లకు ఒక చిక్కు ఎదురవుతుంది. వాగు మధ్యలో నిలబడితే చుక్క ఒడ్డు మీద చూపిస్తుంది. యంత్రం చెడిపోయిందనుకుంటారు. కారణం వేరే ఉంది.

భూమి గుండ్రటి బంతిలా ఉండదు కాబట్టి, పటం గీసేవాళ్లు దాని ఆకారాన్ని ఒక లెక్కలో పెట్టుకుంటారు. మన పాత షీట్లు ఎవరెస్ట్ లెక్క మీద గీసినవి. జార్జ్ ఎవరెస్ట్ 1830లో ఇచ్చిన కొలతలు అవి. యువకుడిగా ఉన్నప్పుడు ఆయన కృష్ణా గోదావరుల నడుమ అడవుల్లో సర్వే చేస్తూ జ్వరాన పడ్డాడు. జీపీఎస్ వాడేది డబ్ల్యూజీఎస్ 84 అనే వేరే లెక్క. ఒకే అక్షాంశ రేఖాంశాలను ఈ రెండు లెక్కల్లో పెడితే, మన ప్రాంతంలో వంద మీటర్లకు మించిన తేడా వస్తుంది. ఓపెన్ సిరీస్ షీట్లు డబ్ల్యూజీఎస్ 84 మీదే ఉంటాయి కాబట్టి ఆ బాధ లేదు. పాత షీటు వాడక తప్పకపోతే, కంప్యూటరులో క్యూజీఐఎస్ వంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌తో డేటమ్ మార్చి అప్పుడు ఎక్కించాలి.

పటం ఏదైనా అడవికి పోయే ముందు ఊళ్లోనే పరీక్ష పెట్టండి. గుడి ధ్వజస్తంభం, వంతెన, బడి మూల వంటి మూడు చోట్ల నిలబడి చుక్క ఎక్కడ పడుతుందో చూడండి. మూడు చోట్లా ఒకే వైపుకు, ఒకే దూరం జరిగి ఉంటే అది డేటమ్ తేడా. సరిచేయవచ్చు. ఒక్కో చోట ఒక్కో వైపుకు జరిగితే పటం గీతే సరిగా లేదని అర్థం. దాన్ని పక్కన పెట్టండి.

ఏ ఏటి పటం?

స్కేలు తర్వాత చూడాల్సింది పటం వయసు. మన జిల్లాలో దీనికి సాగర్ కంటే మంచి ఉదాహరణ లేదు. 1955 డిసెంబర్ 10న నెహ్రూ నాగార్జునసాగర్‌కు శంకుస్థాపన చేశారు. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలువలకు నీళ్లు వదిలారు. ఆ నడుమ కృష్ణ లోయ మునిగిపోయింది. ఒకప్పుడు లోయ పక్కన నిలిచిన నాగార్జునకొండ ఇప్పుడు దీవి. ఆనకట్టకు ముందు సర్వే చేసిన పటం పట్టుకుని పోతే, అందులో దారి ఉన్న చోట మనకు నీళ్లు ఎదురవుతాయి.

నడవడానికి పనికిరాని ఆ పాత పటానికి వేరే విలువ ఉంది. 1950లలో అమెరికా సైన్యపు పటాల విభాగం భారతదేశానికి 1:250,000 స్కేలులో యూ502 అనే వరుస వేసింది. టెక్సాస్ విశ్వవిద్యాలయం గ్రంథాలయం వాటిని ఇంటర్నెట్‌లో ఉచితంగా ఉంచింది. ఆ స్కేలులో మిల్లీమీటరుకు 250 మీటర్లు, వివరం తక్కువే. కానీ ఆనకట్టకు ముందు నది ఎటు పారిందో, ఊళ్లు ఎక్కడ ఉండేవో దాని మీద చూడవచ్చు. దాన్ని పెద్ద తెర మీద వేసి తాతల ముందు పెట్టండి. "ఈ మలుపు దగ్గర మా మేనమామ వాళ్లు ఉండేవాళ్లు" అని ఒకరు మొదలుపెడితే మిగతావాళ్లు అందుకుంటారు. ఆ మాటలు రికార్డు చేయండి. ఇంకో పదేళ్లు ఆగితే చెప్పేవాళ్లు ఉండరు.

ఉపగ్రహ చిత్రానికి కూడా తేదీ ఉంటుంది. సాగర్ నీటి అంచు ఏటా జరుగుతూ ఉంటుంది. నిండుగా ఉన్న నెలలో తీసిన చిత్రంలో నీళ్లు కనిపించే చోట వేసవిలో ఒండ్రు నేల తేలుతుంది. నల్లమల అంచున మన అడవి ఆకు రాల్చే అడవి. వానల తర్వాతి చిత్రంలో అంతా పచ్చటి దుప్పటి. ఫిబ్రవరి, మార్చి నెలల చిత్రంలో ఆకు రాలి కాలిబాట, రాతి బండ, పాత చేను గట్టు బయటపడతాయి. ఇస్రో వారి భువన్‌లోనో మరో చోటో చిత్రం దించేటప్పుడు ఏ నెలదో చూసుకోండి.

అందరూ కలిసి గీసే పటం

ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ అని ఇంకొకటి ఉంది. ఇందాక చెప్పిన ఓపెన్ సిరీస్‌కూ దీనికీ సంబంధం లేదు. ఇది ప్రపంచమంతటా స్వచ్ఛందంగా పనిచేసేవాళ్లు కలిసి గీసే పటం. దీని నుంచి తయారైన ఓపెన్‌టోపోమ్యాప్ వంటి వాటిని గార్మిన్ యంత్రాల్లోకి ఉచితంగా ఎక్కించుకోవచ్చు. ఇందులో దారులూ వాగులూ గీతలుగా ఉంటాయి కాబట్టి ఎంత పెద్దది చేసినా మసకబారవు, మెమరీ తక్కువ తింటాయి, పేరుతో వెతకవచ్చు. స్కాన్ చేసిన టోపోషీటు అలా కాదు, అది ఒక ఫోటో. పెద్దది చేస్తే మసకబారుతుంది, కొన్ని పాత గార్మిన్ మోడళ్లలో 100 ముక్కలకు మించి పట్టదు. కానీ సర్వే వాళ్లు నేల మీద తిరిగి గుర్తించిన వివరాలు అందులో ఉంటాయి.

ఉచిత పటాల్లో సమోన్నత రేఖలు ఎక్కడివో తెలుసుకోండి. చాలావరకు 2000 ఫిబ్రవరిలో అమెరికా అంతరిక్ష నౌక రాడార్‌తో కొలిచిన ఎత్తుల నుంచి తీసినవి. ఆ కొలతలో ఎత్తు తేడా 16 మీటర్ల లోపు ఉండాలన్నది వాళ్లు పెట్టుకున్న ప్రమాణం. పైగా దట్టమైన అడవిలో రాడార్‌కు నేల పూర్తిగా అందదు, చెట్ల తలలు కూడా లెక్కలోకి వస్తాయి. అలాంటి ఎత్తుల మీద ఎవరో పది మీటర్లకు ఒక గీత వేసి అందంగా ఇస్తారు. గీతలు ఎక్కువ ఉన్నంత మాత్రాన ఆ పటంలో నిజం ఎక్కువ ఉన్నట్టు కాదు. పటం ఎంచుకునేటప్పుడు చాలామంది బోల్తా పడేది ఇక్కడే.

ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌తో మనకున్న పెద్ద మేలు, దాన్ని మనమే దిద్దవచ్చు. మీ తండా అందులో ఉందో లేదో ఈ రాత్రే చూడండి. లేకపోతే ఖాతా తెరిచి పెట్టండి. గూడెం పేరు, బడి, అంగన్‌వాడీ, చేతిపంపు, వానాకాలంలో కూడా బండి వచ్చే దారి, రాని దారి గుర్తించండి. పేరు తెలుగులో రాయండి. మన భాషలో వేరే పేరుంటే అదీ రాయండి. ఆపద వేళ గూడెం ఎక్కడని అడిగిన డ్రైవరుకు అది చాలా తోడ్పడుతుంది.

అడవి హక్కు కోసం పటం

అసలు సంగతికి వద్దాం. 2006 అటవీ హక్కుల చట్టం ప్రకారం, 2005 డిసెంబర్ 13కు ముందు నుంచి గిరిజనులు సాగులో ఉంచుకున్న అడవి భూమి మీద హక్కు అడగవచ్చు. దానికి గరిష్ఠ పరిమితి 4 హెక్టార్లు, అంటే దాదాపు పది ఎకరాలు. దానితో పాటు ఊరంతటికీ చెందిన సామూహిక అటవీ వనరుల హక్కు కూడా ఉంది. చెంచుల వంటి ఆదిమ తెగలకు ఆవాస హక్కు కూడా ఉంది. అభయారణ్యాల్లోని భూమికి కూడా ఈ చట్టం వర్తిస్తుంది. దరఖాస్తును మొదట చూసేది గ్రామసభ. ప్రతి దరఖాస్తు భూమికీ పోల్చుకోదగ్గ గుర్తులతో పటం తయారు చేసే పనిని నియమాలు అటవీ హక్కుల కమిటీకి అప్పగించాయి. ఆ కమిటీలో ఉండేది మనవాళ్లే. ఆ పటం గీయాల్సిన చేతులు మీవి.

వ్యక్తిగత భూమి కొలిచేటప్పుడు ఒక లెక్క గుర్తుంచుకోండి. చేతి జీపీఎస్ ఆరుబయట మూడు నుంచి ఐదు మీటర్ల దాకా తప్పవచ్చు. చెట్ల కింద, లోయలో ఇంకా ఎక్కువ. ఎకరం చతురస్రం చుట్టూ నడిచామనుకోండి. నాలుగు పక్కలా గీత 5 మీటర్లు బయటికి పడితే యంత్రం ఎకరా 34 సెంట్లు చూపిస్తుంది. 5 మీటర్లు లోపలికి పడితే 71 సెంట్లే చూపిస్తుంది. ఎప్పుడూ అంత తప్పు రాకపోవచ్చు, తప్పులు ఒకదానికొకటి కొట్టుకుపోతాయి కూడా. కానీ చిన్న చెక్కల్లో ఈ తేడా ఒక కుటుంబం తిండి గింజలు. అందుకే గట్టు మూలల్లో యంత్రాన్ని కదలకుండా రెండు మూడు నిమిషాలు ఉంచి సగటు తీయండి. మరో రోజు మళ్లీ నడవండి. టేపుతో కూడా కొలవండి. మూడూ రాసి పెట్టండి.

సామూహిక అడవికి ఐదు మీటర్లు పెద్ద లెక్క కాదు. అక్కడ టోపోషీటు, ఉపగ్రహ చిత్రం పక్కపక్కన పెట్టుకుని, పెద్దలతో హద్దు వెంట నడవాలి. దుంపలు తవ్వే చోట్లు, తేనె, బంక, ఉసిరి, కుంకుడు సేకరించే చోట్లు, మేత బీళ్లు, చెలమలు, చేపలు పట్టే మడుగులు, శ్మశానాలు, దేవతల చోట్లు గుర్తించాలి. నియమాలు ఆధారాలుగా ఒప్పుకునే వాటిలో ఇవన్నీ ఉన్నాయి. దరఖాస్తుదారు కాని పెద్దల వాంగ్మూలం రాసి ఇస్తే అదీ ఆధారమే. ఒకటి కంటే ఎక్కువ ఆధారాలు పెట్టాలి.

ఒక మాట గట్టిగా పట్టుకోండి. 2012లో సవరించిన నియమాల ప్రకారం ఉపగ్రహ చిత్రాలూ సాంకేతికతా మిగతా ఆధారాలకు తోడుగా వాడవచ్చు. వాటి బదులుగా మాత్రం వాడకూడదు. "చిత్రంలో చేను కనిపించడం లేదు, కాబట్టి నీకు హక్కు లేదు" అని ఎవరైనా ఆ ఒక్క ముక్కతో తోసిపుచ్చబోతే ఈ నియమం చూపించండి. చెట్ల నీడన వేసిన చిన్న చెక్క ఉపగ్రహానికి కనబడకపోవచ్చు. పక్క చేనువాడికి, ఊరి పెద్దకు అది తెలుసు. పటం బాగా చదవడం వస్తేనే పటం దేన్ని చూపించలేదో గట్టిగా చెప్పగలుగుతాం.

ఏది పటంలో పెట్టకూడదు?

తెలిసినదంతా ఇంటర్నెట్‌లో పెట్టేయకండి. తేనెగట్లు, అరుదైన మందు మొక్కలు ఉన్న చోట్లు, పులి అడుగులు చూసిన చోట్లు, మన దేవతల చోట్లు బయటివాళ్ల ఫోన్లలోకి పోతే నష్టం మనకు, అడవికి. అందుకని రెండు పటాలు ఉంచండి. గూడెం, దారి, నీరు, బడి ఉన్నది అందరికీ. మిగతాది గ్రామసభ దగ్గర, తాళం వేసిన పెట్టెలో. ఏది ఎందులో ఉండాలో పెద్దలూ, అడవికి ఎక్కువగా పోయే మన ఆడవాళ్లూ కలిసి చెప్పాలి. జీపీఎస్ పట్టుకున్న కుర్రవాడు ఒక్కడే తేల్చే విషయం కాదిది.

కొన్ని జాగ్రత్తలు. మన పక్కనున్నది నాగార్జునసాగర్–శ్రీశైలం పులుల అభయారణ్యం. అందులోకి సరదా నడకలకు, శిక్షణలకు అటవీ శాఖ అనుమతి లేకుండా పోకండి. ఉపగ్రహం ద్వారా సందేశాలు పంపే పరికరాలను, ఉపగ్రహ ఫోన్లను ఎవరైనా విదేశాల నుంచి తెచ్చి ఇస్తే తీసుకోకండి. ప్రభుత్వ అనుమతి లేకుండా వాటిని వాడితే కేసు అవుతుంది. మామూలు జీపీఎస్‌కు ఆ ఇబ్బంది లేదు. ఒంటరిగా పోవద్దు. ఎప్పటికి తిరిగి వస్తారో ఇంట్లో చెప్పి పొండి. యంత్రం ఆగిపోతే పనికొచ్చేలా కావలసిన షీటు ముక్క కాగితం మీద అచ్చు తీసి, ప్లాస్టిక్ సంచిలో పెట్టుకోండి.

రేపటి నుంచి ఏం చేయాలి?

మీరు గుర్తుంచుకోవడానికి వీలుగా మళ్లీ చెబుతాం. కొండలో దారి, వాలు, వాగు చూడాలంటే ఓపెన్ సిరీస్ 1:50,000 షీటు, దాని పక్క షీటుతో సహా. గూడెం నుంచి రోడ్డుకు, ఆసుపత్రికి దారి చూడాలంటే మీరే దిద్దిన ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్. చేను, గట్టు, ఆకు రాలిన అడవి చూడాలంటే తేదీ తెలిసిన ఎండాకాలపు ఉపగ్రహ చిత్రం. పాత ఊళ్లూ మునిగిన దారులూ తెలుసుకోవాలంటే ఆనకట్టకు ముందు పటం, పక్కన ఒక తాత. చేను హద్దు తేల్చాలంటే సర్వే కొలత, టేపు, ఇరుగుపొరుగు సాక్ష్యం.

ఈ ఐదింటి మీద ఆరోది మీరు తయారు చేయాలి. ప్రతి గూడెం నుంచీ ఇద్దరు, వాళ్లలో ఒకరు చెల్లెమ్మ అయి ఉండాలి, వచ్చే ఎండాకాలం లోపు పెద్దలతో కలిసి తమ అడవిలో కనీసం యాభై చోట్ల పేర్లు రాసుకు రండి. ప్రతి పేరు పక్కన అక్షాంశం, రేఖాంశం, చెప్పినవారి పేరు, ఆ పేరు ఎలా వచ్చిందో ఒక వాక్యం ఉండాలి. టోపోషీటులో "వాగు" అని మాత్రమే ఉన్న నీలిగీతకు మన అవ్వలు మలుపు మలుపుకూ ఒక పేరు పెట్టారు. ఆ పేర్లు రాసుకున్న రోజు మన దరఖాస్తుకూ బలం వస్తుంది, మన పాటల్లో వచ్చే ఊళ్లు ఎక్కడివో మన పిల్లలకూ తెలుస్తుంది.

 

జై ఆదివాసీ!